ఇనుప కడ్డీల బేరం: లెక్కకా, తూకానికా?

చాగలమర్రి: నంద్యాల, కడప జిల్లాల సరిహద్దున, కర్నూలు–కడప రహదారిపై ఉన్న ఈ ఊరికి రైలు లేదు. ఇక్కడి ఇనుప కొట్లకు వచ్చే సరుకంతా లారీల మీదనే రావాలి. 1956 నుంచి 1992 వరకు అమలులో ఉన్న కిరాయి సమీకరణ విధానం వల్ల దేశంలో ఏ రైలు స్టేషనులోనైనా ఉక్కు ధర దాదాపు ఒకటిగా ఉండేది. 1992 జనవరిలో ధరల అదుపు కూడా తొలగింది. అప్పటి నుంచి దూరం ధరలో కలిసిపోయింది. కనుక ఇక్కడి వర్తకులకు టన్నుపై మిగిలేది స్వల్పం. ఆ స్వల్పం కూడా తూకంలో తేడా వస్తే పోతుంది.

కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దానిని దానితోనే హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోలలో వస్తుంది. ఈ లెక్కన 12 మీటర్ల 8 ఎం.ఎం. కడ్డీ 4.74 కిలోలు, 12 ఎం.ఎం. కడ్డీ 10.66 కిలోలు తూగాలి. అయితే ఐ.ఎస్. 1786 ప్రమాణం కొంత తేడాను అనుమతిస్తున్నది. మొత్తం సరుకు మీద 10 ఎం.ఎం. వరకు 7 శాతం, ఆపైన 16 ఎం.ఎం. వరకు 5 శాతం, అంతకు మించిన వాటికి 3 శాతం ఎక్కువ తక్కువలు చెల్లుతాయి.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. 7 శాతం తక్కువ తూగే 8 ఎం.ఎం. కడ్డీ 4.41 కిలోలే. టన్నుకు 211 కడ్డీలు రావలసిన చోట 227 వస్తాయి. తూకానికి కొని లెక్కకు అమ్మే వర్తకునికి 16 కడ్డీలు లాభం. ఇల్లు కట్టుకునే రైతుకు అంతమేర ఇనుము తగ్గుతుంది. శ్లాబులో వేసేది ఎక్కువగా ఈ సన్న కడ్డీయే. దీనికి ఎదురు కూడా ఉన్నది. మిల్లు కడ్డీల లెక్కను పట్టి పుస్తక బరువుతో బిల్లు వేస్తే, 10 టన్నుల లోడులో 700 కిలోల వరకు తరుగు రావచ్చు. ఆ సరుకును కాటా మీద అమ్మిన వర్తకుడు చేతి డబ్బు పోగొట్టుకున్నట్లే. పైగా మిల్లు ప్రమాణం తప్పలేదు కనుక ఫిర్యాదుకు బలముండదు. కాబట్టి బిల్లు ఏ బరువు మీద అనేది ఆర్డరులోనే రాయించుకోవాలి.

నాణ్యత విషయానికి వస్తే, మెలితిప్పిన కడ్డీల స్థానంలో నీటితో చల్లార్చి తయారుచేసే టి.ఎం.టి. కడ్డీలు వచ్చాయి. 500 గ్రేడు కడ్డీ కనీసం 12 శాతం, 500డి కడ్డీ 16 శాతం సాగాలి. భూకంపానికి పనికివచ్చేది ఈ సాగుడే. డి రకంలో గంధకం, భాస్వరం చెరి 0.040 శాతం మించరాదు. తుక్కు కరిగించే ఇండక్షన్ కొలిమిలో భాస్వరాన్ని తగ్గించడం కష్టం. అందువల్ల రెండు రకాల మధ్య ధర తేడా కేవలం పేరుది కాదు. లోడుతో పాటు మిల్లు పరీక్షా పత్రం తెప్పించుకుని, అందులోని హీట్ నెంబరును కట్టకున్న బిళ్లతో సరిచూసుకున్న తరువాతనే దించుకోవడం వర్తకులకు క్షేమం.