ఓపీలో కొత్త డాక్టరమ్మలు

‘మా డాక్టరమ్మ చెయ్యి మంచిది’ అంటుంటాం కదా! ఆ డాక్టరమ్మ ట్రాన్స్‌జెండర్ అయితే?

ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ ఇద్దరూ ఎంబీబీఎస్ చదివారు. పట్టా ఉన్నా ప్రైవేటు ఆసుపత్రుల్లో చేదు అనుభవాలే. మూడేళ్లు పనిచేసిన చోటే ప్రాచీ ఉద్యోగం పోయింది. పేషెంట్లు తగ్గిపోతారట! పేషెంట్లని ఎవరైనా అడిగారా అని మనకి అనుమానం.

సుప్రీంకోర్టు 2014లోనే ట్రాన్స్‌జెండర్ల హక్కులను గుర్తించింది. వీళ్లిద్దరూ హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసర్లుగా చేరింది మాత్రం 2022లో. తెలంగాణ ప్రభుత్వ కొలువులో తొలి ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు వీళ్లే.

ఆడవాళ్ల వార్డా, మగవాళ్ల వార్డా అన్న దగ్గరే ఆగిపోయి, జబ్బు ముదిరేదాకా ఇంట్లోనే ఉండిపోయే ట్రాన్స్‌జెండర్లున్నారు. ఎదుటి కుర్చీలో తమలాంటి మనిషే ఉంటే, ఒంట్లో బాధ దాచుకోకుండా చెప్పుకుంటారు.