ఇనుమును కోయు రంపములు, రేకుల షెడ్డు అటక

ఉదయగిరి దుర్గము నీడను కొయ్యగరిటెలు చెక్కు పనివారి వాకిట నొక్క గడియ కూర్చుండినవారికి రంపమును గుఱించి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఏ చెక్కకు ఏ రంపము తగునో, పంటికిని పంటికిని సందు ఎంత యుండవలెనో వారి వ్రేళ్ళకే తెలియును. భౌగోళిక గుర్తింపు పొందిన పనితనమది. అయినను ఆ చుట్టుప్రక్కల రైతు తన బోరుబావి పైపు కోయవలసి వచ్చినపుడు అంగడికి పోయి, "ఒక హాక్సా బ్లేడు ఇమ్ము" అని మాత్రమే యడిగి, చేతికి వచ్చినది తెచ్చుకొనుచున్నాడు. పది నిమిషములలో దాని పండ్లు రాలిపోవును. మఱియొకటి తెచ్చును, అదియు నట్లే యగును. అంగడివానిని తిట్టుకొనుట తప్ప కారణము విచారించువారు తక్కువ.

సంఘ సభ్యులు కొందఱు మమ్ము రెండు సంగతు లడిగిరి. ఇనుము కోయుటకు ఏ బ్లేడు కొనవలెననునది మొదటిది. ట్రాక్టరు నిలుపు రేకుల షెడ్డులో అటక వేసికొంటిమి గాని వేసవిలో దానిమీద చేయి పెట్టలేకున్నాము, విత్తనము దాచుట యెట్లు అనునది రెండవది. ఈ రెంటికిని సంబంధమేమని చదువరులు తలంపవచ్చును. ఆత్మకూరు ప్రాంతమున నొక షెడ్డులో ఈ రెండును ఒక్క మధ్యాహ్నమున కలిసికొన్నవి. ఆ సంగతి కడపట చెప్పెదము.

హాక్సా బ్లేడు మీద 14, 18, 24, 32 అను అంకెలలో నొకటి వేసియుండును. అది అంగుళమునకు గల పండ్ల లెక్క. కొనునపుడు ముందుగా చూడవలసిన దదియే. కోయబడు లోహపు మందము మీద ఎల్లప్పుడును మూడు పండ్లకు తక్కువ కాకుండ ఆనియుండవలెను. అట్లు లేనిచో లోహపు అంచు రెండు పండ్ల నడుమ దిగబడి, కర్రు రాతిసందున తగుల్కొన్నట్లు తగుల్కొనును. మనము త్రోసిన త్రోపునకు పన్ను విఱుగును. ఒక పన్ను విఱిగిన తరువాత దాని ప్రక్కది నిలువదు.

దీనిని లెక్కవేసి చూతము. 24 పండ్ల బ్లేడున పంటికిని పంటికిని దూరము సుమారు ఒక మిల్లీమీటరు. మూడు మిల్లీమీటర్ల పై చిల్లర మందము గల జి.ఐ. పైపు గోడ మీద దానికి మూడు పండ్లు సరిగా ఆనును. కావున పైపులకు 24 తగును. 18 పండ్ల దానికి నాలుగు మిల్లీమీటర్లకు పైబడిన మందము కావలెను. గొఱ్ఱునకు, బండి చట్రమునకు వాడు ఐదారు మిల్లీమీటర్ల యాంగిలునకు అది మంచిది. అంగుళము లావు గల గట్టి ఊచను సన్నని పండ్ల బ్లేడుతో కోయబూనుట మఱియొక తప్పు. పండ్ల సందులు రజనుతో నిండిపోయి బ్లేడు జాఱుచుండును గాని కోయదు. అట్టి దానికి 14 గాని 18 గాని వాడవలెను. అర మిల్లీమీటరు జింకు రేకునకు 32 పండ్లది కూడ చాలదు. దానిని రెండు పలకల నడుమ బిగించి పలకలతో కలిపి కోయవచ్చును. రేకుల కత్తెర యున్నచో రంపముతో పనియే లేదు.

యాంగిలును కోయునపుడు దాని సన్నని అంచుమీద రంపము పెట్టక, వెడల్పు ముఖము పైకి వచ్చునట్లు వైసులో బిగింపుడు. ఎక్కువ పండ్లు ఆనును, పనియు త్వరగా తెమలును.

ఇక బ్లేడు చేసిన లోహము సంగతి. సామాన్య కార్బను ఉక్కు బ్లేడు చౌక. వంగును గాని త్వరగా మొద్దుబాఱును. హైస్పీడు ఉక్కుది చిరకాలము పదును నిలుపును గాని, చేయి కొంచెము ప్రక్కకు వాలినచో గాజువలె పటుక్కున విఱుగును. ఈ రెండింటి గుణములను కలిపి చేసినది బైమెటల్ బ్లేడు. దాని వీపు స్ప్రింగు ఉక్కు, పండ్ల అంచు హైస్పీడు ఉక్కు. రెంటిని అతికి పండ్లు కోసెదరు. వెల హెచ్చు. అయినను ఏడాదికి నాలుగు మార్లు ఇనుము కోయు రైతు చౌక బ్లేడ్లు పది కొనుటకంటె 18 పండ్లది యొకటి, 24 పండ్లది యొకటి బైమెటల్‌వి కొని నూనెగుడ్డలో చుట్టి యుంచుకొనుట మేలని మా అభిప్రాయము.

బిగించునపుడు పండ్ల మొనలు పిడికి ఎదురుగా, ముందునకు చూచుచుండవలెను. రెక్కల నట్టు గట్టిగా బిగింపుడు. వదులు బ్లేడు వంకరగా కోసి విఱుగును. ముందునకు త్రోయునపుడే బరువు వేసి, వెనుకకు లాగునపుడు తేలిక చేయవలెను. నిమిషమునకు నలువది, ఏబది త్రోపులు చాలును. మనవారు ఆయాసపడుచు నూఱు త్రోయుదురు. అందువలన పండ్లు కాలి మెత్తబడుటయే గాని పని సాగదు. ఉక్కునకు రెండు చుక్కల నూనె వేయుడు. పోత ఇనుమునకు వేయనక్కఱలేదు. సగము కోసిన తరువాత బ్లేడు మార్చవలసి వచ్చినచో క్రొత్తదానిని పాత గాడిలో దింపవలదు. అరిగిన బ్లేడు కోసిన గాడి ఇఱుకుగా నుండును. క్రొత్తది అందులో చిక్కుకొని మొదటి త్రోపులోనే విఱుగును. పైపును త్రిప్పి ఎదురు ప్రక్కనుండి కోయవలెను.

నేడు చాలమంది చేతిలో రంపమునకు బదులు గ్రైండరు వచ్చినది. పని త్వరితము, నిజమే. కాని నాలుగంగుళముల గ్రైండరు నిమిషమునకు సుమారు 11,000 చుట్లు తిరుగును. ఏడంగుళముల చక్రము మీద సాధారణముగా 8,500 చుట్లకు మించరాదని ముద్రించియుండును. చిన్న చక్రము అరిగినదని గార్డు ఊడదీసి పెద్దచక్రము తగిలించువారిని మేము చూచితిమి. ఆ వేగమునకు అది పగిలినచో ముక్క యెటు పోవునో చెప్పుట కెవరి తరము? చక్రము నడిమి ఇనుప వలయము మీద కాలము తీరు నెల, సంవత్సరము ఉండును. తేమ తగిలినదియు, గడువు దాటినదియు పాఱవేయుడు. కోయు చక్రము ప్రక్కభాగముతో అరగదీయరాదు. కొయ్య కోయు పండ్ల బ్లేడును గ్రైండరుకు తగిలించుట ప్రాణాపాయము. కంటి అద్దములు లేక ఒక్క నిమిషమైనను పని చేయరాదు. పాత ఆస్‌బెస్టాస్ రేకును గ్రైండరుతో కోయనే కూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులలో దిగి ఎన్నియో యేండ్లకు గాని బయటపడని రోగము తెచ్చును.

అటక మాటకు వచ్చెదము. మన పడమటి మెట్టలలో రోహిణికార్తె ఎండకు జింకు రేకు అరువది డిగ్రీలు దాటి కాగును. రేకు మెఱయుచున్నది గదా, ఎండను త్రోసివేయునని కొందఱి నమ్మకము. కొంత త్రోసివేయును గాని, గ్రహించిన వేడిని మెఱుగు లోహము పైకి సులభముగ విడువదు. కావుననే కాగిపోవును. ఆ కాగిన రేకు అడుగు భాగము పొయ్యిసెగవలె క్రిందకు వేడిని చిమ్మును. అటక ఆ సెగకు మిక్కిలి దగ్గఱ నుండుటచే క్రింద నిలుచున్న ట్రాక్టరుకంటె పైనున్న మూటలే ఎక్కువ కాగును.

విత్తనమున కిది చావుబ్రతుకుల మాట. హారింగ్టన్ అను విత్తన శాస్త్రజ్ఞుడు చెప్పిన లెక్క యొకటి కలదు: నిలువచోటు వేడి ఐదు డిగ్రీలు తగ్గిన కొలది విత్తనపు ఆయువు ఇంచుమించు రెండింతలగును, గింజలోని తేమ నూటికి ఒక పాలు తగ్గినను అట్లే. అనగా పది డిగ్రీలు తగ్గించినవానికి నాలుగింతలు. మొలక రాలేదని వానను నిందించు రైతు ఒక్కసారి తన అటక ఎక్కి చూడవలెను.

మొదట చేయవలసినది రేకు పైన. వేడిని త్రిప్పికొట్టు తెల్లని పూత రెండు చేతులు వేసినచో లోపలికి వచ్చు సెగ చాల తగ్గును. తెలంగాణ ప్రభుత్వము 2023లో ఇట్టి చలువ కప్పుల కొఱకు ప్రత్యేక విధానమునే ప్రకటించినది. సిమెంటు కప్పునకు సున్నము చాలును. జింకు రేకునకు మాత్రము పచ్చిసున్నము వేయవలదు. అది జింకును తినివేయును, పెచ్చులై రాలును.

రెండవది రేకునకును అటకకును నడుమ. అల్యూమినియము రేకు అతికిన పట్టా రేకును తాకకుండ రెండుమూడంగుళములు క్రిందుగా కట్టవలెను. ఆ గాలిసందు లేనిచో దానికి పెట్టిన సొమ్ము వ్యర్థము. మెఱుగు ముఖము క్రిందికి ఉన్నచో దుమ్ము పేరుకొనదు. ఇంటి తీగెలకు అది తగులకుండ చూచుకొనుడు, విద్యుత్తు ప్రవహించును. దాని క్రింద రాతిదూది పలక వేయగలవారు వేయవచ్చును, అది మండదు. థర్మకోలు చౌకయే గాని, కాగిన రేకును తాకినచో మెత్తబడును. నిప్పు తగిలినచో నల్లని విషపు పొగతో మండును. తాటాకు, ఊక మన పెద్దల వస్తువులు, వేడిని చక్కగా ఆపును. పైన మట్టి మెత్తనిచో అవియు నిప్పునకు ఆహారమే. పాత మట్టిమిద్దెలు అంత చల్లగా నుండుట ఆ మట్టి మందము వలననే గదా.

చుట్టును మూసివేసి గాలి లేకుండ చేయుట మూడవ తప్పు. చూరు దగ్గఱ ఒక సందు, కొప్పు దగ్గఱ ఒక సందు విడిచి, ఎలుక దూఱకుండ ఇనుప వల వేయవలెను. వేడిగాలి పైనుండి పోవును, రాత్రి చల్లగాలి క్రిందినుండి వచ్చును. డీసెలు, పురుగుమందులు అటక మీద పెట్టరాదు.

ఇప్పుడు ఆ షెడ్డు సంగతి. మా సభ్యుడొకడు రేకు క్రింద తాటాకు దట్టముగా పఱపించి, అటక మీద వేరుసెనగ కట్టె, రెండు మూటల కంది విత్తనము పెట్టెను. చల్లగానే యుండెను. వైశాఖమున నొక దినము అదే షెడ్డులో అటక క్రింద నిలిచి గొఱ్ఱు యాంగిలును గ్రైండరుతో కోసెను. పని ముగించి భోజనమునకు పోయెను. నిప్పురవ్వలు ముప్పదియైదు అడుగుల దూరము పోగలవనియు, కట్టెలో పడిన రవ్వ మంట లేకుండ గంటసేపు రాజుకొనుచుండుననియు అతనికి తెలియదు. నిజము చెప్పవలెనన్న మాకును అప్పుడు తెలియదు. అన్నము తిని చేయి కడుగుకొనునప్పటికి కొప్పునుండి పొగ లేచెను. ఇరుగుపొరుగువారు ట్రాక్టరును బయటికి నెట్టి కాపాడిరి. కట్టెయు, విత్తనమును, అటకయు పోయినవి. ఆ యేట కంది విత్తనము అప్పు తెచ్చి చల్లవలసివచ్చెను.

షెడ్డు తిరిగి వేసినప్పుడు తాటాకు బదులు రాతిదూది పలకయు, దానిమీద అల్యూమినియము పట్టాయు కట్టించెను. గ్రైండరును అమ్మలేదు. వైసును మాత్రము షెడ్డునుండి ఊడబెఱికి, నలువది అడుగుల దూరమున వేపచెట్టు క్రింద దుంగకు బిగించి, ప్రక్కన రెండు కడవల నీళ్ళు పెట్టుకొని యున్నాడు. పని ముగిసిన తరువాత గంటసేపు అచ్చటనే కూర్చుండి బీడీ కూడ కాల్చడట.