గాలి వాలు తెలిసిన బడి

కార్తెల లెక్క తెలుగు రైతుకు వెన్నతో పెట్టిన విద్య. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో పదమూడు, పద్నాలుగు దినాలు నిలిచే కాలానికే కార్తె అని పేరు. రోహిణిలో ఎండకు వెరవడం, మృగశిరలో తొలకరికి ఎదురుచూడడం ఆ లెక్కలోనివే. ఐతే, కార్తె ఏటేటా జరిగే తీరును తెలుపునే కాని, రేపు జరుగబోయేదాన్ని తెలుపజాలదు. అందుకు నిత్యపరిశీలన కావలెను.

దీనికి విలువైన పరికరాలు అక్కరలేదు. అడుగునుండి అంచుదాక ఒకే వెడల్పుగల డబ్బాను చెట్లకు, చూరులకు దూరంగా ఆరుబయట నిలిపి, నిలిచిన నీటి లోతును ప్రతిదినం ఉదయం 8:30 గంటలకు కొలిస్తే వర్షపాతం తెలుస్తుంది. భారత వాతావరణశాఖ దినవర్షాన్ని లెక్కకట్టేదీ ఆ వేళకే. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు.

గాలిని గమనించడం ఇంకా ముఖ్యం. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు చూపి నిలబడినవాని ఎడమవైపున అల్పపీడనం వుంటుందని హాలెండు శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ 1857లో ప్రకటించాడు. కోస్తాలో ఈశాన్యపు గాలికి వీపు చూపి నిలిస్తే, ఎడమచేయి ఆగ్నేయానవున్న సముద్రాన్ని చూపుతుంది. వాయుగుండాలు సాధారణంగా వచ్చేదీ అటునుండే. ఐనా, కార్తికమాసంలో ఈశాన్యపు గాలి సహజమే కదా! కనుక, నిన్న మొన్నటి గాలి తీరును వ్రాసిపెట్టుకొన్నవారికే నేటి విపరీతం బోధపడుతుంది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది అసువులు బాసారు. నేడు ఉపగ్రహాలు, రాడార్లు తుఫానును ముందుగానే పసిగడుతున్నవి. బడిపిల్లల పుస్తకం ఆ హెచ్చరికలకు బదులు కాజాలదు. వాటిని అర్థం చేసుకొనే తెలివిని మాత్రం ఇస్తుంది. తుఫాను కన్ను ఊరిమీదుగా సాగేటప్పుడు గాలి హఠాత్తుగా స్తంభిస్తుంది. గండం గడిచిందని వీధిలోకి వచ్చినవారిపై, కొంతసేపటికే ఎదురు దిక్కునుండి మళ్లీ విరుచుకుపడుతుంది. గాలి సుడి తిరిగే తీరు తెలిసిన విద్యార్థి ఆ నిశ్శబ్దాన్ని నమ్మడు. ఇంటివారిని గడప దాటనివ్వడు.

తేదీ, వాన, గాలి దిక్కు, మబ్బు — ఈ నాలుగు గడులతో ఒక పుస్తకం ప్రతి పాఠశాలలోను వుండదగినది. వంతులవారీగా పిల్లలే దానిని నింపవలెను. సెలవు దినాలలోనూ మానరాదు.