నలభై దాటిన కాళ్లకు నడక ఒక్కటే చాలదు

పొలం పనే వ్యాయామమని హోసూరు, బళ్లారి ప్రాంతపు పల్లెల్లో పెద్దల నమ్మకం. ట్రాక్టరు, మోటారు వచ్చాక ఆ శ్రమ మునుపటిది కాదు. ముప్పై దాటిన నాటి నుంచి కండరం పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం క్షీణిస్తుంది. అరవై తరువాత మరింత వేగంగా. చేయి ఊనకుండా పీట మీది నుంచి లేవలేకపోవడం దానికొక గుర్తు. ఆ స్థితిలో జారిపడి తుంటి ఎముక విరిగితే మునుపటిలా తిరగడం చాలామందికి దుర్లభం.

వారానికి కనీసం 150 నిమిషాల వేగపు నడక వంటి శ్రమతోపాటు, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మనవారు నడకతోనే ఆగిపోతారు! గోడకు ఆనించిన కుర్చీ నుంచి చేతులు ఊనకుండా మెల్లగా పదిమార్లు లేచి కూర్చోవడం మంచి ఆరంభం. ఊపిరి బిగబట్టరాదు. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.