ఆపద వేళ పిలుపు

ఆపద చెప్పి రాదు. బంగాళాఖాతపు అంచున జీవించే నెల్లూరు తీరవాసులకు ఈ సత్యం అనుభవపూర్వకంగా తెలుసు. 1989 నవంబరులో కావలి సమీపాన పెనుతుపాను తీరం దాటిన నాటికి మన దేశంలో సెల్‌ఫోను లేదు. పల్లెలలో టెలిఫోను సైతం అరుదు. నేడు వలలాగే మత్స్యకారుని చేతిలో సైతం ఫోను ఉన్నది. దానిని ఎప్పుడు, ఏ విధంగా వినియోగించాలో ఎరిగి ఉండడమే ఇప్పుడు ముఖ్యం.

ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న ప్రారంభమైంది. పోలీసు, అగ్నిమాపక, వైద్య సహాయాలకు దేశమంతటా 112 ఉమ్మడి నంబరు. సముద్రంపై ఆపదలో చిక్కినవారి కొరకు భారత తీరరక్షక దళం 1554 నంబరును ఏర్పరచింది. ఫోను సంకేతాలు అందని నడిసముద్రంలో వి.హెచ్.ఎఫ్. రేడియో 16వ చానెల్ ఆధారం.

ఎప్పుడు పిలవాలి? "ఆలస్యమైతే ప్రాణానికి ముప్పు కలుగుతుందా?" అని ప్రశ్నించుకోవాలి. అవునని తోచినా, సందేహం కలిగినా వెంటనే పిలవాలి. మైపాడు అలలలో ఒకరు కొట్టుకుపోతున్నా, పొలంలో పాము కరిచినా, గుండెనొప్పితో ఒకరు కుప్పకూలినా, గుడిసె అంటుకున్నా క్షణమైనా జాగు చేయరాదు. పాముకాటుకు మంత్రగాని కొరకు పరుగెత్తడం ప్రాణాలతో చెలగాటం. వేటకు వెళ్ళిన పడవ చెప్పిన వేళకు రాకుంటే, "ఇంకొంతసేపు చూద్దాం" అని ఇంటివారు సంకోచించడం సహజం. కాని గడిచే ప్రతి గంటకూ ప్రవాహం పడవను దూరం చేస్తుంది. గాలించవలసిన జలరాశి విస్తరిస్తుంది. చీకటి పడితే వెతకడం మరింత దుష్కరం. ఆలస్యం అమృతం విషం.

కరెంటు పోయిందనో, వినోదానికో ఈ నంబర్లకు ఫోను చేయరాదు. ఆ సమయాన మరొక తల్లి తన బిడ్డ కొరకు అదే నంబరుకు ప్రయత్నిస్తూ ఉండవచ్చు. పొరపాటున ఫోను కలిస్తే భయపడి పెట్టేయక, "పొరపాటున చేశాను, ఆపద ఏమీ లేదు" అని చెప్పాలి.

పిలిచినప్పుడు ముందుగా స్థలం చెప్పాలి: గ్రామం, మండలం, సమీపంలోని గుడి లేదా బడి. పిమ్మట జరిగిన సంఘటన, బాధితుల సంఖ్య, వారి స్థితి తెలపాలి. అవతలివారు చెప్పేవరకు ఫోను పెట్టరాదు. మాట మధ్యలో తెగిపోయినా, స్థలం తెలిస్తే సహాయం బయలుదేరగలదు.

అవసరమైనప్పుడు సంకోచం, అవసరం లేనప్పుడు చాపల్యం, రెండూ ప్రాణాంతకాలే. ఈ వివేకాన్ని విద్యార్థులు తాము అలవరచుకొని, ఇంటిలోని పెద్దలకు సైతం తెలియజేయాలి.