విశ్వం పెద్దదైన రోజు

ప్రతి జనవరి ఒకటో తేదీన మనం గోడకు కొత్త క్యాలెండరు తగిలిస్తాం. 1925లో ఆ రోజున అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుల సభ జరుగుతోంది. హెన్రీ నోరిస్ రస్సెల్ అనే శాస్త్రజ్ఞుడు లేచి, సభకు రాని మరొకరి పత్రాన్ని చదివి వినిపించాడు. ఆ పత్రం రాసినవాడు ఎడ్విన్ హబుల్. అందులోని సారాంశం ఒక్కటే: మన పాలపుంతే సమస్త విశ్వం కాదు, దాని బయట ఇంకా ఎన్నో పాలపుంతలు ఉన్నాయి!

ఈ సంగతి ఇవాళ మీ పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. కాని ఆనాడు పెద్ద పెద్ద పండితులకే దీనిపై ఏకాభిప్రాయం లేదు.

ఇద్దరు పండితులు, ఒక ప్రశ్న

ఆకాశంలో అక్కడక్కడా సుడి తిరిగిన మబ్బుల్లాంటి మచ్చలు దూరదర్శినిలో కనిపిస్తాయి. వాటిని నీహారికలు అనేవారు. అవి పాలపుంతలోని వాయు మేఘాలా? లేక చాలా దూరాన ఉన్న వేరే నక్షత్ర సమూహాలా? 1920 ఏప్రిల్‌లో ఇదే వాషింగ్టన్‌లో హార్లో షాప్లీ, హీబర్ కర్టిస్ ఈ ప్రశ్నపై వాదించారు. పాలపుంత వెడల్పు 3 లక్షల కాంతి సంవత్సరాలనీ, నీహారికలు వేరే పాలపుంతలు కావనీ షాప్లీ అన్నాడు. అవి పాలపుంతకు బయటివే అన్నాడు కర్టిస్. వాదం తేలలేదు. ఎందుకు తేలలేదు? నీహారికల దూరాన్ని నమ్మకంగా కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు.

దూరాన్ని కొలవడం ఎలా?

చీకటిలో దూరంగా ఒక బల్బు వెలుగుతోంది అనుకోండి. అది 100 వాట్ల బల్బు అని మీకు ముందే తెలిస్తే, కంటికి ఎంత మసకగా కనిపిస్తోందో చూసి దూరం లెక్క కట్టవచ్చు. దూరం రెండింతలైతే కాంతి నాలుగో వంతు అవుతుంది. మూడింతలైతే తొమ్మిదో వంతు అవుతుంది. నక్షత్రాలకూ ఇదే సూత్రం. చిక్కేమిటంటే, ఏ నక్షత్రం ఎన్ని 'వాట్ల'దో దానిమీద రాసి ఉండదు కదా!

ఈ చిక్కు విప్పినది హెన్రియెటా లీవిట్ అనే మహిళ. ఆమె హార్వర్డ్ వేధశాలలో పనిచేసేది. అక్కడ దూరదర్శిని దగ్గర పని పురుషులది. ఫోటో పలకల మీది చుక్కలను పరిశీలించి లెక్కలు కట్టే పని స్త్రీలది. లీవిట్‌కు వినికిడి తక్కువ. జీతం గంటకు 30 సెంట్లు.

కొన్ని నక్షత్రాల వెలుగు క్రమం తప్పకుండా పెరుగుతూ, తరుగుతూ ఉంటుంది. వీటిలో ఒక రకాన్ని సెఫీడ్ తారలు అంటారు. చిన్న మెగెల్లానిక్ మేఘం అనే నక్షత్ర సమూహంలోని ఇలాంటి 25 తారలను లీవిట్ పరిశీలించింది. దూరాన ఉన్న ఊరి దీపాలన్నీ మనకు దాదాపు ఒకే దూరంలో ఉన్నట్టే, ఈ తారలు కూడా దాదాపు ఒకే దూరంలో ఉన్నాయి. కాబట్టి వాటిలో ప్రకాశవంతంగా కనిపించేది నిజంగానే ప్రకాశవంతమైనది. ఎక్కువ ప్రకాశం ఉన్న తార నెమ్మదిగాను, తక్కువ ప్రకాశం ఉన్నది త్వరగాను పెరిగి తరుగుతున్నట్టు ఆమె గుర్తించింది. అంటే ఎన్ని రోజులకు ఒకసారి వెలుగు హెచ్చుతోందో లెక్కిస్తే, ఆ తార 'వాట్లు' తెలిసిపోతాయన్నమాట! 1912లో ఈ ఫలితం వెలువడింది. పత్రంపై ఉన్న సంతకం మాత్రం వేధశాల అధిపతి పికరింగ్‌ది. దీన్ని తయారుచేసినది మిస్ లీవిట్ అని ఆయన మొదటి వాక్యంలోనే రాశాడు.

హబుల్ చేసిన పని

కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ మీద 100 అంగుళాల అద్దంతో ఒక దూరదర్శిని ఉంది. ఆనాడు ప్రపంచంలో అదే పెద్దది. 1923 అక్టోబరులో హబుల్ దానితో ఆండ్రోమెడా నీహారికను ఫోటో తీశాడు. పలక మీద ఒక చుక్కను మొదట నోవా, అంటే హఠాత్తుగా వెలిగే తార అనుకున్నాడు. పాత పలకలతో పోల్చి చూస్తే అది సెఫీడ్ తార! దాని వెలుగు సుమారు 31 రోజులకు ఒకసారి హెచ్చుతోంది. లీవిట్ సూత్రంతో లెక్కిస్తే దూరం 9 లక్షల కాంతి సంవత్సరాలు దాటింది. షాప్లీ చెప్పిన పాలపుంత వెడల్పుకు అది మూడింతలు. ఇక సందేహం ఎక్కడిది?

అయినా హబుల్ తొందరపడలేదు. అదే వేధశాలలో వాన్ మానెన్ అనే సహోద్యోగి కొలతలు దీనికి విరుద్ధంగా ఉన్నాయి. అందుకే హబుల్ ఇంకా కొన్ని సెఫీడ్ తారలను వెతికి, లెక్కలు సరిచూసుకున్నాడు. తరువాతే పత్రం పంపాడు. వాన్ మానెన్ కొలతలే పొరపాటని తరువాత తేలింది.

హబుల్ లెక్క కూడా పూర్తిగా సరైనది కాదు. సెఫీడ్ తారల్లో రెండు రకాలు ఉన్నాయని 1952లో వాల్టర్ బాడే చూపాడు. దాంతో ఆ దూరం రెండింతలకు పైగా పెరిగింది. నేటి లెక్క సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. పాలపుంత వెడల్పు మాత్రం షాప్లీ చెప్పినదానికంటే తగ్గి, సుమారు లక్ష కాంతి సంవత్సరాలకు వచ్చింది. అంకెలు మారినా, ఆండ్రోమెడా బయటిదే అన్న తీర్పు మారలేదు.

మరి లీవిట్ సంగతి? స్వీడన్ గణిత శాస్త్రజ్ఞుడు మిట్టాగ్ లెఫ్లర్ ఆమె పేరును నోబెల్ బహుమతికి ప్రతిపాదించాలనుకుని 1925లో ఉత్తరం రాశాడు. కాని ఆమె 1921 డిసెంబరులోనే క్యాన్సరుతో మరణించింది. మరణించినవారిని ఆ బహుమతికి ప్రతిపాదించరు. వాషింగ్టన్ సభనాటికే ఆమె పోయి మూడేళ్ళు దాటింది.

మీరూ చూడండి

జనవరి మొదటి వారాల్లో చంద్రుడు లేని రాత్రి, వీధి దీపాలకు దూరంగా నిలబడి, ఏడున్నర ప్రాంతంలో ఉత్తరం వైపు కాస్త తల ఎత్తి చూడండి. వాయవ్యానికి కొద్దిగా ఒరిగి, పొగమంచు చుక్కలా ఒక మసక మచ్చ కనిపిస్తుంది. అదే ఆండ్రోమెడా. దాని నుండి మీ కంటికి చేరిన వెలుగు బయలుదేరేనాటికి భూమి మీద నేటి మానవజాతి ఇంకా పుట్టనే లేదు.

ఇప్పుడు ఒక లెక్క. రెండూ 100 వాట్ల బల్బులే. ఒకదాని వెలుగు రెండోదానిలో 16వ వంతు మాత్రమే కనిపిస్తోంది. అది ఎన్ని రెట్ల దూరంలో ఉంది? కాగితం తీసి చేయండి. హబుల్ లెక్కకు మూలం అదే.