పొట్టి కుట్టు, పొడుగు కుట్టు

గోదావరి తీరాన నరసాపురం పరిసర గ్రామాలలో, పందొమ్మిదవ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఇంటింటి విద్య అయింది. ఆ క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పనితనానికంతటికీ మూలం ఒక కొక్కెపు సూది, కొంత దారం, కొద్దిపాటి కుట్లు.

కొత్తవారు లేత రంగు ఊలుతో, 5 మిల్లీమీటర్ల సూదితో ఆరంభించడం మేలు. కుట్లు స్పష్టంగా కనబడతాయి.

ముందుగా 21 గొలుసు కుట్లు వేయండి. సూదినుంచి రెండవ గొలుసులో పొట్టి కుట్టు: సూది గుచ్చి దారం లాగి, మరల దారం పట్టి, సూదిపైనున్న రెండు మెలికలలోంచి తీయాలి. పక్క గొలుసులో పొడుగు కుట్టు: సూదికి ముందే దారం చుట్టి, గుచ్చి లాగితే మూడు మెలికలుంటాయి, వాటిని రెండేసి చొప్పున రెండు విడతలుగా దాటించాలి. ఇట్లు మార్చి మార్చి అల్లితే వరుసకు 20 కుట్లు వస్తాయి.

ఒక గొలుసు వేసి పని తిప్పండి, దానిని లెక్కించరాదు. ఇక సూత్రమొక్కటే: పొడుగుదానిపై పొట్టిది, పొట్టిదానిపై పొడుగుది. పొట్టివాటి నడుమ ఇమడలేక పొడుగు కుట్లు ఉబ్బి, గింజలు చల్లినట్లు అగుపిస్తాయి. వరుస చివర పొడుగు కుట్టు రాకుంటే ఎక్కడో లెక్క తప్పినట్లే. అంతవరకు విప్పి తిరిగి అల్లండి.

నరసాపురం స్త్రీల ఈ శ్రమను తీరికవేళ కాలక్షేపంగా ఎంచి స్వల్ప కూలి ఇచ్చేవారని మరియా మీస్ 1982 నాటి గ్రంథంలో చూపారు. జానెడు అల్లిక పూర్తిచేసిన చేయి, లేసు కొనేటప్పుడు బేరమాడడానికి జంకుతుంది.